నీళ్ళు పోయని గచ్చు

మొన్న ఒక పొద్దున కూరగాయలకని బయలుదేరి, మా వీధి మలుపు దగ్గర కొత్తగా కడుతున్న బట్టల దుకాణం ముందు నిలబడిపోయాను. లోపల గచ్చు అరగదీసే మిషను నడుస్తోంది. పెళ్ళయిన నాటి నుంచి సగం జీవితం ఆ చప్పుడు పక్కనే గడిపినదాన్ని కనుక అలవాటు కొద్దీ కొంగు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. తీరా చూస్తే గడప దాటి రవ్వంత దుమ్ము కూడా రాలేదు. మిషను వెనక లావుపాటి గొట్టం, ఆ గొట్టం చివర చక్రాల మీద ఒక పెద్ద డబ్బా, అరిగిన సిమెంటంతా లేచీ లేవకముందే అందులోకి పోతోంది. నడిపే మనిషి ముక్కుకు అటూ ఇటూ గుండ్రటి బిళ్ళలున్న మాస్కు, చెవులకు డొప్పలు, కళ్ళకు అద్దాలు. పక్కనే మూతలేని చాయ్ గ్లాసు పెట్టుకున్నాడు, అందులోనూ ఏమీ పడినట్టు లేదు. నన్ను చూసి మిషను ఆపి, "ఏం గావాలె పెద్దమ్మా?" అని అడిగాడు. ఏమీ వద్దని చెయ్యూపి ఇంటికొచ్చేశాను. కూరగాయల సంగతే మరిచిపోయాను, అన్నం సహించలేదు, ఎవరి మీదో తెలియని కోపం సాయంత్రం దాకా పోలేదు.

నా ఈడు వాళ్ళకు ఆ రోజుల ఇళ్ళు గుర్తుండే ఉంటాయి. ఇప్పటిలాగా పెట్టెల్లో వచ్చిన టైల్సు తెచ్చి చకచకా పరిపించుకోవడం అప్పుడు ఎక్కడో తప్ప లేదు. గచ్చు పోసి, అది గట్టిపడేదాకా తడిపి తడిపి, తరువాత మిషను పెట్టి నున్నగా అరగదీయించేవాళ్ళు. కాస్త కలిగినవాళ్ళు రంగురాళ్ళ ముక్కలు కలిపి మొజాయిక్ వేయించుకునేవాళ్ళు. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకుని, మిషను మనిషి దొరకక తల పట్టుకున్నవాళ్ళను ఎంతమందినో చూశాను. మా ఇంటాయన అలాంటి మిషను మనిషే. జనగామ చుట్టుపక్కల గచ్చు మిషనాయన అంటే చాలు, చిన్నపిల్లలు కూడా మా ఇల్లు చూపించేవాళ్ళు.

మా పుట్టిల్లు రేగొండ దిక్కు. మా వైపు చెరువుల కింద వరి పండుతుంది, నీళ్ళ విషయంలో మాకు మరీ అంత పట్టింపు తెలియదు. జనగామకు కోడలిగా వచ్చిన కొత్తలో బియ్యం కడిగిన నీళ్ళు పారబోయబోతే మా అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ నీళ్ళు బర్రెకట, గిన్నెలు కడిగినవి చెట్టుకట, స్నానం చేసినవి వాకిట్లో చల్లడానికట. మా మామ ఉన్న కాస్త మెట్ట చెలకలో బోరు మీద బోరు వేయించాడు. వేసిన ప్రతిసారీ ఇంటిల్లిపాదీ వెళ్ళి చుట్టూ నిలబడితే నీళ్ళకు బదులు తెల్లటి దుమ్ము లేచి అందరి నెత్తిన పడేదని ఆయనే చెప్పేవాడు. అలా చూసి చూసి సేద్యం మీద మనసు విరిగి మా ఆయన వరంగల్ వెళ్ళిపోయి, అక్కడొక మేస్త్రి దగ్గర గచ్చు మిషను పని నేర్చుకుని వచ్చాడు.

పని నేర్చుకోవడం అంటే అల్లాటప్పాగా కాదు. ముందు నేలంతా చిన్న సుత్తితో తట్టుకుంటూ తిరిగి, డొల్లగా మోగిన చోటల్లా సుద్దముక్కతో గీసేవాడు. మేకు గానీ ఇనుప చువ్వ మొన గానీ పైకి కనబడితే దాన్ని కోసి దించేదాకా మిషను గడప లోపలికి తెచ్చేవాడు కాదు, రాయి దానికి కొట్టుకుంటే పగిలి ముక్కలు ఎగురుతాయని. అడుగున బిగించే సానరాళ్ళన్నీ ఒకే ఎత్తున ఉన్నాయో లేదో వేలితో తడిమి చూసేవాడు, ఒక్కటి ఎక్కువ అరిగినా మిషను గంతులేస్తుంది. రాళ్ళు మార్చాలంటే స్విచ్చి ఆపితే సరిపోదని వైరు పీకి, పీకిన కొన నా చేతికిచ్చి, ఆ తరువాతనే మిషనును వెనక్కి వంచేవాడు. మొదట గరుకు రాయి, తరువాత మధ్య రాయి, చివరికి సన్నరాయి, తొందరపడి ఒకటి మానేస్తే గీతలు ఎన్నటికీ పోవు. కొత్తవాళ్ళు పిడి మీద ఒళ్ళంతా వేసి నొక్కుతారు గానీ, బరువు మిషనుకే ఉంది, మనం దానికి తోవ చూపాలంతే అనేవాడు. ఒక్కచోట నిలిచిపోతే అక్కడ గుంట పడుతుంది కనుక ఆపకుండా, పోయిన దారిలో సగం కలుపుకుంటూ మళ్ళీ వచ్చి, గదంతా అయ్యాక అడ్డంగా ఇంకొకసారి తిప్పేవాడు. ఆఖరున నేల మీద చెంప ఆనించి, తలుపులోంచి పడే వెలుగులో ఎక్కడ ఎత్తుందో ఎక్కడ పల్లముందో చూసుకునేవాడు.

ఇక నా పని నీళ్ళు పోయడం. మిషను ముందు చెంబుతో కొంచెం కొంచెంగా పోస్తూ పోవాలి. నీళ్ళుంటే రాయి వేడెక్కదు, దుమ్ము లేవదు, అరిగిన సిమెంటంతా పాలలాగా నేల మీదే నిలుస్తుంది, అది ఆరకముందే రబ్బరు పలకతో లాగి ఎత్తిపోయాలి. నీళ్ళూ కరెంటూ ఒక్కచోట ఉండే పని గనుక ఇద్దరికీ రబ్బరు బూట్లు ఉండేవి, వైరు ఎప్పుడూ ఆయన భుజం మీదుగా వెనక్కి వేసుకునేవాడు. నా కొంగు బొడ్లో దోపుకోలేదని మిషను ఆపి మరీ తిట్టిన రోజులున్నాయి. ఇన్ని జాగ్రత్తలు ఎరిగిన మనిషి ఒక్క జాగ్రత్త ఎందుకు వదిలేశాడో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

వానలు వరసగా మొహం చాటేసిన ఒక ఎండాకాలం అది. జనగామలో ఒక విత్తనాల సేటు ఊరి చివర గోదాము కట్టించాడు. గచ్చు పోసినవాళ్ళు నీళ్ళు ఎక్కువ కలపడంతో పైనంతా పొడి పొడిగా లేచిపోతోంది, ఎత్తుపల్లాలుగా ఉంది, మృగశిర కార్తె వచ్చేలోగా బస్తాలు దించాలి. గోదాము గోడ పక్కనే ఊరి వాళ్ళు నీళ్ళు పట్టుకునే బోరింగు. పొద్దు పొడవకముందు నుంచే బిందెల వరస ఉండేది, కొట్టగా కొట్టగా ఎప్పటికో సన్నటి ధార వచ్చేది. సేటు మాకు ట్యాంకరు తెప్పించి పెట్టాడు. మేము మిషను మొదలుపెట్టి, నేను చెంబు వంచీ వంచగానే బయటి వరసలోని ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. నేల మీద పారుతున్న నీళ్ళకేసి అలా చూస్తూ ఉండిపోయారు. చివరికి ఒక ముసలవ్వ, "ఓ బిడ్డా, మా పోరగాండ్లకు తాగ నీళ్ళు లేవు. మీరు నేలకు తాపుతున్నరా?" అంది.

నా చెయ్యి ఆగిపోయింది. మా ఆయన మిషను ఆపి, ఆమె ఖాళీ బిందె వైపు చూసి, తరువాత నా వైపు తిరిగి, "ఇగ పొయ్యకు" అన్నాడు. పని ఎట్లా అవుతుందని నేను అడిగితే, పొడిగానే కొడతానని, దుమ్మే కదా, దులుపుకుంటే పోతుందని అన్నాడు. ట్యాంకరు నీళ్ళు ఆ వరసకు వదిలిపెట్టమని సేటును ఒప్పించింది కూడా ఆయనే. ఆ అవ్వ రెండు చేతులూ ఎత్తి, "నీ కడుపు సల్లగుండ కొడుకా" అని దీవించింది. ఆయన ముఖంలో ఆ పూట నేను చూసిన సంతోషం మా పెళ్ళి నాడు కూడా చూడలేదు. చెలకలో ఒక్క బోరూ పడని ఇంటివాడు ఊరికి నీళ్ళు ఇప్పించాడు మరి.

తువ్వాల ముక్కుకు చుట్టుకుని ఆ గోదామంతా పొడిగానే అరగదీశాడు. మిషను ఎక్కడుందో కనబడనంత దుమ్ము, లోపలి నుంచి చప్పుడు మాత్రం వచ్చేది. పని ఆపి బయటికి వస్తే కనురెప్పలతో సహా ఒళ్ళంతా తెల్లగా ఉండేది, నేను నవ్వేదాన్ని, ఆయనా నవ్వేవాడు. నవ్వామే అని ఇప్పుడు ఏడుపొస్తుంది. పని దిగాక ఇంత బెల్లం ముక్క నోట్లో వేసుకోవడం దుమ్ము పనివాళ్ళందరికీ అలవాటు. బెల్లం తింటే గొంతులో దుమ్ము కిందికి జారిపోతుందని పెద్దవాళ్ళు చెప్పారు, వాళ్ళకు వాళ్ళ పెద్దవాళ్ళు చెప్పి ఉంటారు. ఆయన జేబులో బెల్లం పొట్లం లేని రోజు లేదు.

గోదాము గచ్చు అద్దంలా వచ్చింది. దానికన్నా ఎక్కువగా, నీళ్ళు అడగని మేస్త్రి ఒకడున్నాడని పేరు పాకిపోయింది. అది కరువు కాలం, ఇల్లు కట్టుకునేవాళ్ళకు ఇసుక కన్నా నీళ్ళే గగనం. టేకుమట్ల నుంచి ఒకరు, బయ్యారం నుంచి ఒకరు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. ఎక్కడికి పోయినా ఆడవాళ్ళు ఆయనను ఇంట్లో మనిషిలాగా చూసి, పిలిచి మజ్జిగ ఇచ్చేవాళ్ళు. తరువాత వానలు పడ్డాయి, చెరువుల్లోకి నీళ్ళొచ్చాయి, ఇక చెంబు పట్టుకోనా అని నేను అడిగితే ఆయనకే మనసు రాలేదు. పొడిగా అయితే అరిగింది అరిగినట్టు కంటికి కనబడుతుందని, బురద ఎత్తే బాధ లేదని ఏవేవో చెప్పాడు గానీ, అసలు సంగతి ఆ పేరు. కరువు పోయినా పేరు పోవడం ఆయనకు ఇష్టం లేదు.

దగ్గు మొదలైనప్పుడు మేము పట్టించుకోలేదు. తరువాత మెట్లెక్కితే ఆయాసం, ఆ తరువాత చెప్పులు వేసుకోవడానికి వంగినా ఆయాసం. మనిషి సగమయ్యాడు. ఒక దవాఖానలో ఛాతీకి ఎక్సరే ఫోటో తీసి, టీబీ అన్నారు. అప్పట్లో దగ్గి దగ్గి చిక్కిపోయిన మనిషిని చూస్తే ఎవరైనా ముందు అదే అనేవాళ్ళు. మందులు ఒక్క పూట తప్పకుండా వేసుకున్నాడు, కోర్సంతా అయ్యాక దగ్గు ఎక్కడిదక్కడే ఉంది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఈలోగా చుట్టుపక్కలవాళ్ళు మా గ్లాసులు వేరుగా పెట్టడం మొదలుపెట్టారు, ఒకప్పుడు మజ్జిగ ఇచ్చిన ఇళ్ళల్లోనే. నేను మొక్కని దేవుడు లేడు, తాపని కషాయం లేదు. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. ఆయన ఛాతీ లేచి పడేది లెక్కపెట్టుకుంటూ నేను పక్కన కూర్చునేదాన్ని, ఎక్కడైనా తప్పితే భుజం తట్టి లేపేదాన్ని.

మా అన్న భూపాలపల్లి బొగ్గు గనిలో, మేమనే బొగ్గుబాయిలో, పనికి ఉండేవాడు. ఒకసారి చూడవచ్చి, ఆయన దగ్గు విని, "బావా, మా బాయిల గిట్లనే దగ్గుతరు. జర నాతోని రా" అని తీసుకుపోయాడు. అక్కడ బాయి పనివాళ్ళను చూసీ చూసీ నెరిసిన డాక్టరు ఒకాయన ఫోటోను వెలుగుకు పెట్టి చూసి, మమ్మల్ని అంతవరకూ ఎవ్వరూ అడగని మాట అడిగాడు. "ఏం పని చేస్తవు?" మా ఆయన చెప్పాడు. నీళ్ళు పోసి చేస్తావా, పొడిగా చేస్తావా అని మళ్ళీ అడిగాడు. పొడిగా అని మా ఆయన కొంచెం గర్వంగానే చెప్పాడు.

ఇది టీబీ కాదని, సిమెంటులోని ఇసుక పొడి కంటికి కనబడనంత సన్నగా ఊపిరితిత్తుల్లో దిగి అక్కడే గట్టిపడిపోయిందని, బెల్లంతోనో మందుతోనో పోయేది కాదని ఆ డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు కదా అన్నాను. ఆ దుమ్ముకు తువ్వాల అడ్డం కాదన్నాడు. "నీళ్ళు పోసి చేస్తే గిట్ల కాకపోతుండె గద సారూ?" అని అడిగాను. ఆయన ఫోటోను కవరులో పెడుతూ, "అయిందేదో అయింది, ఇగనన్న దుమ్ములకు పోనియ్యకమ్మా" అన్నాడు. బయటికొచ్చాక మా అన్న గోడవైపు తిరిగి ఏడ్చాడు. మా ఆయన మాత్రం, నీళ్ళు ఉన్నప్పుడు కదా పోసేది, అని ఒకే మాట అన్నాడు.

ఇల్లు గడవాలి, మిషను నడవాలి. పిడి నేను పట్టుకున్నాను. ఆడది మిషను నడపడమేమిటని నవ్వినవాళ్ళు నవ్వారు. ఆయనను గాలి తగిలే చోట, గడప బయట కుర్చీలో కూర్చోబెట్టేదాన్ని. అక్కడి నుంచే చప్పుడు విని, రాయి అరిగిపోయిందనో, ఒకే చోట నిలబడ్డాననో చెయ్యూపి చెప్పేవాడు. మొదట్లో మిషను నన్నే ఈడ్చుకుపోయేది. పిడి వదులుగా పట్టుకుని నడుముతో తిప్పడం తెలిశాక మాట వింది. నా షరతు ఒక్కటే, ముందు నేల మీద నీళ్ళు పోసుకోనిదే స్విచ్చి వేయను. దానికి కూడా మాటలు పడ్డాను. ఆయన చేస్తే చుక్క నీళ్ళు అడిగేవాడు కాదు, ఈమెకు డ్రమ్ముల కొద్దీ కావాలట, అని ఆడవాళ్ళే అనేవాళ్ళు. ఎందుకో చెబుదామని నోటి దాకా వచ్చేది. ఆనాడు నీళ్ళు అడిగినవాళ్ళు తమ వల్లనే ఇలా అయిందనుకుంటారని, చెప్పొద్దని ఆయన ఒట్టు వేయించుకున్నాడు.

మానుకోటలో ఒక ఇంటి పని అప్పుడు. మహబూబాబాద్ అని బోర్డుల మీద రాసినా మాకందరికీ అది మానుకోటే. హాలంతా అయ్యి దేవుడి గది ముందు కొంచెం మిగిలి ఉండగా డ్రమ్ములో నీళ్ళు అయిపోయాయి. ట్యాంకరు రాదని తేలిపోయింది. మర్నాడు పొద్దునే పాలు పొంగించాలి. ఇంటి యజమాని మంచివాడే, కానీ చుట్టాలు దిగుతున్నారు, ఆయన పరేషాన్ ఆయనది. మీ ఆయన పొడిగా కొడతాడని తెలిసే కదా పిలిచాము అన్నాడు. నేను పని ఆపి కూర్చున్నాను. అప్పుడు మా ఆయన కుర్చీ లోంచి గోడ పట్టుకుని లేచి, అడుగు అడుగుకూ ఆగుతూ లోపలికి వచ్చి, మిషను పిడి మీద చెయ్యి వేశాడు. "గింతే గద, నేను కొడ్త. నువ్వు బయటికి పో" అన్నాడు.

నేను పరుగెత్తి వైరు పీకేసి ఆ కొన గుప్పిట్లో పట్టుకున్నాను. ఇమ్మన్నాడు, ఇవ్వనన్నాను. గట్టిగా అరవాలని చూశాడు గానీ అరవడానికి ఊపిరి లేదు. అంతమంది ముందు పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. ఆయనను అలా చూడటం కన్నా చావే నయమనిపించింది. సంచీ పక్కన ఆయన తాగడానికి, మందులు వేసుకోవడానికి ఇంటి నుంచి మోసుకొచ్చిన నీళ్ళ క్యాను ఉంది. మూత తీసి ఆ గచ్చు మీద వంచేశాను. చూస్తున్న ఆడవాళ్ళు అయ్యయ్యో అన్నారు. ఆయనను తీసుకెళ్ళి బయట కూర్చోబెట్టి వచ్చి, వైరు పెట్టి, కళ్ళు తుడుచుకుంటూనే ఆ కాస్త నేలా పూర్తి చేశాను. మధ్యలో ఒకసారి గడప వైపు చూస్తే, ఆయన చెయ్యెత్తి ఏదో చెబుతున్నాడు. రాయి సంగతేమోనని మిషను ఆపి దగ్గరికి పోయాను. "జర తక్కువ పొయ్యవే" అన్నాడు.

ఆ తరువాత ఎక్కువ కాలం లేడు. ఆఖరి రోజుల్లో ఇంట్లో ఆక్సిజన్ ఇచ్చే గాలి మిషను పెట్టించాము, అయినా చాలేది కాదు. ప్రాణం పోయేటప్పుడు నోట్లో నీళ్ళు పోస్తే గుటక వేయలేదు, చెంప మీదుగా జారి చాపలో ఇంకాయి. గోదాము పక్క వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు చాలామంది వచ్చి, ఎంత పుణ్యాత్ముడో అని ఏడ్చారు. ఒట్టు ఉంది కనుక నేను అప్పుడు కూడా వాళ్ళకు చెప్పలేదు. వాళ్ళ తప్పు కూడా ఏముంది, దాహమైనవాళ్ళు నీళ్ళు అడిగారు. ఆయనదీ తప్పనలేను. కానీ కోపం మాత్రం ఉంది, ఇన్నేళ్ళయినా ఉంది, ఊరందరి దాహం తెలిసిన మనిషికి నా సంగతి తట్టలేదే అని.

ఇప్పుడు జనగామలో నీళ్ళకు కరువు లేదు. ఎక్కడి గోదావరో కాలువల్లో నడిచి వచ్చి మా చెరువులు నింపుతోంది, ఇంటింటికీ నల్లా వచ్చింది. మా వీధిలో పొద్దున్నే బండ్లు కడుగుతారు, నల్లా కట్టేయడం మరిచి లోపలికి పోతారు, నీళ్ళు రోడ్డు మీద పడి మోరీ దాకా పారుతుంటాయి. నా ఈడు వాళ్ళు, ఆ బిందెల వరసల్లో నిలబడ్డవాళ్ళు, అది చూసి ఊరుకోలేరు, నిలబెట్టి తిడతారు, తిట్టవలసిందే కూడా. నా నోటికి మాత్రం ఆ తిట్టు రాదు. పారుతున్న ఆ నీళ్ళ పక్కన ఒక నిమిషం నిలబడి, ఇవే నీళ్ళు అప్పుడు ఆయన మిషను ముందు పారి ఉంటే అనుకుని, నల్లా కట్టేయకుండానే వచ్చేస్తాను.